మెడ వంచితే మారిన రిపోర్టు

2016లో నేను నల్లగొండలో ఒక కంటి దవాఖానలో ఆప్టోమెట్రిస్టుగా పనిచేస్తున్న. ఆప్టోమెట్రిస్టు అంటే డాక్టరు కాదు. డాక్టరు చూడకముందు చూపు కొలిచి, అద్దాల నంబరు తేల్చి, మిషన్ల మీద పరీక్షలు చేసి రిపోర్టు తీసే మనిషి. మాది పెద్ద దవాఖాన ఏమీ కాదు. కింద ఓపీ, పైన ఆపరేషన్ థియేటరు, మెట్ల కింద అద్దాల దుకాణం. నకిరేకల్, చిట్యాల, మునుగోడు, దేవరకొండ దిక్కు నుంచి పొద్దుగాల మొదటి బస్సుకే జనం వచ్చి బెంచీల మీద కూసునేటోళ్లు.

ఆ ఏడు మా దవాఖానకు కొత్తగా ఒక పాత మిషన్ వచ్చింది. హైదరాబాదులో ఒక పెద్ద దవాఖాన కొత్త మోడల్ కొనుక్కొని పాతది అమ్మేస్తే మా డాక్టర్ సారు తెచ్చుకున్నరు. సారు పేరు శ్రీధర్. నెమ్మది మనిషి. నీటికాసుల జబ్బు అంటే ఆయనకు ప్రత్యేకమైన పట్టింపు.

నీటికాసులు అంటే గ్లాకోమా. కంటి నుంచి మెదడుకు పోయే నరం మెల్లమెల్లగా ఎండిపోతది. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. చూపు పక్కల నుంచి తగ్గుకుంట వస్తది కాబట్టి మనిషికి తెల్వదు. పోయిన చూపు ఏ మందుతోనూ తిరిగి రాదు, ఉన్నదాన్ని కాపాడుకోవాలె అంతే. అందుకే ముందుగాల పసిగట్టుడే అసలు పని. ఈ మిషన్ దానికోసమే.

అది పనిచేసే తీరు నాకు మొదటి నుంచి ఇష్టం. తాడు ఒక కొస గోడకు కట్టి రెండో కొస పట్టుకొని ఊపితే, ఎటు ఊపితే అటు అల పోతది. అదే తాడును కిటికీ నిలువు ఊచల సందులోంచి పోనిస్తే, పైకి కిందికి ఊగే అల మాత్రమే అవతలికి దాటుతది. వెలుగు కూడా అంతే. మామూలుగా అన్ని దిక్కులకూ ఊగుతూ వస్తది. దాన్ని ఒకే దిక్కుకు ఊగేటట్టు చేస్తే పోలరైజ్డ్ లైట్ అంటరు. కంటి వెనక నరం పోగులు దారాల కట్టలాగ పరుచుకొని ఉంటయి. ఈ వెలుగు వాటిలోంచి పోయి తిరిగి వచ్చేటప్పటికి దాని ఊపు కొద్దిగా మారుతది. పోగులు దట్టంగా ఉంటే ఎక్కువ మారుతది, పల్చగ ఉంటే తక్కువ. ఆ మార్పును రిటార్డేషన్ అంటరు. మిషన్ దాన్ని కొలిచి, నరం పొర ఎంత మందం ఉన్నదో లెక్కగట్టి రంగు వేసి చూపెడతది. ఆకుపచ్చ వస్తే మంచిది. ఎరుపు వస్తే నరం పల్చబడ్డదని అర్థం.

కంటిని ముట్టుకునుడు లేదు, మందు వేసుడు లేదు. గడ్డం ఆనించి కూసుంటే చాలు. వచ్చిన కొన్నాళ్లకే మేమందరం ఆ మిషన్‌ను బాగా నమ్మినం.

బీరయ్య కాక మా దగ్గరికి వచ్చింది కంట్లో ముల్లు గీసుకపోయి. నకిరేకల్ దగ్గర పల్లె ఆయనది. యాభై దాటిన మనిషి, గొర్ల మంద ఉన్నది. మందలోని మేకల కోసం తుమ్మ కొమ్మ కొడుతుంటే అది ఎగిరి కంటికి తగిలింది. ఆయన వెంట భార్య లింగమ్మ వచ్చింది. గీత చిన్నదే, చుక్కల మందుతో మానేదే. కానీ సారు లోపలిదాకా చూసి, మళ్ల ఇంకోసారి చూసిన్రు. కంటి నరం నడుమ ఉండే గుంట మామూలు కంటే జర పెద్దగ ఉన్నది. కంటి ప్రెషర్ కూడా మామూలు హద్దుకు పై అంచున ఉన్నది.

"మీ ఇంట్ల ఎవరికన్న కండ్లు పోయినయా?" అని సారు అడిగిన్రు.

"మా నాయినకు పోయినయి సారు. ఆయన పట్టుకున్న కట్టె కొస పట్టుకొని నడిపిచ్చింది నేనే. అప్పుడు నాకు మీసం గూడ రాలే."

సారు నా దిక్కు చూసిన్రు. నేను ఫీల్డ్ టెస్టుకు కూసోబెట్టిన. గిన్నె లాంటి తెల్లటి తెర నడుమ ఒక చుక్క ఉంటది. దాన్నే చూస్తూ, పక్కల ఎక్కడన్న లైటు మెరిస్తే చేతిలోని బటన్ నొక్కాలె. పక్క చూపు ఎంత ఉన్నదో దాంతో తెలుస్తది. కాక బటన్‌ను ఊకె నొక్కుతనే ఉన్నడు. మిషన్ లోపల కిర్రుమన్నప్పుడల్లా లైటు వస్తదనుకొని నొక్కిండట. ఆ రిపోర్టు పనికిరాలే. కొత్త మిషన్ మీద కూసోబెట్టిన. రెండు కండ్లూ ఎరుపు వచ్చినయి.

సారు మెత్తగనే చెప్పిన్రు. ఇది నీటికాసులు మొదలైనట్టు కనబడుతున్నదనీ, రోజూ రెండు కండ్లల్ల చుక్కలు వేసుకోవాలనీ, నెల దాటినంక మళ్ల రావాలనీ.

"గుడ్డోన్నయితనా సారు?"

"మందు వాడితే చూపు కాపాడుకోవచ్చు. వాడకపోతేనే పోయే ప్రమాదం."

కాక తల ఊపిండు. కానీ ఆయన చెవులకు ఏ మాట ఎక్కిందో నాకు మొఖం చూస్తేనే అర్థమయింది. బయటికి పోయేటప్పుడు గుమ్మం కాడ నిలబడి, పట్టపగలు వెలుగులో తన చేతిని మొఖం ముందు పెట్టుకొని అటు ఇటు తిప్పి చూసుకున్నడు. లింగమ్మ ఆ చేతిని పట్టుకొని కిందికి దించి, "పా, బస్సు పోతది" అన్నది.

నెల దాటినంక ఇద్దరూ వచ్చిన్రు. కాక మెడ ఒక దిక్కు వాలి ఉన్నది. గుట్ట మీద కాలు విరిగిన గొర్రెపిల్లను మెడ మీద వేసుకొని దిగిండట. తెల్లారేసరికి మెడ పట్టుకున్నది.

"సక్కగ కూసోరాదా కాకా?" అన్న, గడ్డం ఆనిస్తూ.

"ఎత్తుతే పానం పోతాంది బిడ్డా. గిట్లనే చూడు జర."

ఓపీ నిండుగ ఉన్నది. సరే అని తల కుడి భుజం దిక్కు వంగి ఉండంగనే స్కాన్ చేసిన. రిపోర్టు చూసి నా కండ్లను నేనే నమ్మలే. పోయినసారి ఎర్రగ ఉన్న కుడి కన్ను ఇప్పుడు ఆకుపచ్చ వచ్చింది. ఎడమ కన్ను మాత్రం ముందటి కంటే ముదురు ఎరుపు.

లింగమ్మ నా మొఖమే చూస్తున్నది. "ఏమొచ్చింది బిడ్డా?"

"కుడి కన్ను మంచిగ వచ్చింది చిన్నమ్మా."

"చూసినవా, మందు పనిచేసింది" అన్నది ఆమె మొగుని దిక్కు తిరిగి. "ఎడమది గూడ అయితది. జర ఓపిక పట్టాలె. ఈయనకు ఓపిక ఎక్కడిది, రేపు బేరగాన్ని రమ్మన్నడు."

"ఏం బేరం?"

"మంద బేరం. మొత్తం అమ్ముతడట. తిండి తింటలేడు, మాట్లాడుతలేడు. మంద నడుమ పోయి నిలబడుతడు, ఒక్కోదాని మొఖం చూసుకుంట."

నేను కాక దిక్కు చూసిన. ఆయన వంగిన మెడతోనే నేల చూసుకుంట అన్నడు: "ఏది ఎవరి పిల్లనో, ఏది ఈన్తదో, ఏది మేత మానిందో మొఖం చూసే తెల్సుకుంట బిడ్డా. కండ్లు పోయినంక అమ్ముతె ఎవడో వచ్చి ఏదో చెప్పి తోలుకపోతడు. కండ్లున్నప్పుడే మంచి చేతుల పెట్టాలె."

ఆయన మాటల్లో ఏడుపు లేదు. బిడ్డకు సంబంధం చూస్తున్న తండ్రి మాట్లాడినట్టున్నది.

వాళ్లను బెంచీ మీద కూసోబెట్టి రిపోర్టులు రెండూ పక్కపక్కన పెట్టుకున్న. ఎక్కడో తేడా కొడుతున్నది. చుక్కల మందు చేసే పని ప్రెషర్ తగ్గించుడు. ఎండిపోయిన నరం పోగు మళ్ల మొలవది. చదువుకునేటప్పుడు మొదటి పాఠమే అది. మరి కుడి కన్నులో పొర ఎట్ల మందమయింది? పోనీ మందే పనిచేసిందనుకుంటే, అదే మందు వేసుకున్న ఎడమ కన్ను ఎందుకు ఇంత పాడయింది?

నెల కిందటికీ ఇయ్యాల్టికీ కొత్తగ ఉన్నది ఒక్కటే, ఆ మెడ.

వార్డు నుంచి వేడినీళ్ల సంచి తెచ్చి కాక మెడకు పెట్టిన. సిస్టరమ్మ వచ్చి మెల్లగ రుద్దింది. కొంతసేపటికి పండ్లు బిగబట్టి తల నిటారుగ పెట్టగలిగిండు. మళ్ల స్కాన్ చేసిన. రెండు కండ్లూ ఎరుపు, అచ్చం మొదటి రోజు లాగనే. మళ్ల కుడి దిక్కు వంచుమన్న. కుడి కన్ను ఆకుపచ్చ. ఈసారి ఎడమ దిక్కు వంచుమన్న. ఎడమ కన్ను ఆకుపచ్చ అయ్యింది, కుడిది ముదురు ఎరుపు అయ్యింది.

నరం మనిషి లోపల ఉన్నది. మెడ ఎటు వంచినా దాని మందం మారదు. మారుతున్నది వేరే ఏదో.

సారు పైన ఆపరేషన్లలో ఉన్నరు. కాక దగ్గరికి పోయి, "సారు వచ్చేదాక పోవద్దు. మిషన్‌తోని జర అనుమానం ఉన్నది" అన్న.

"అనుమానం మిషన్ మీదనా, నా మీదనా?"

"మిషన్ మీదనే కాకా."

ఆయన నమ్మినట్టు లేదు కానీ కూసున్నడు. లింగమ్మ సద్దిమూట విప్పింది.

సారు దిగి వచ్చి రిపోర్టులు చూసి, నాతోని మళ్ల ఒకసారి స్కాన్ చేయించి, నిలబడి చూసిన్రు. కుర్చీ జరుపుకొని తనే మిషన్ ముందు గడ్డం పెట్టి, "నాది తియ్యి" అన్నరు. రెండు కండ్లూ ఆకుపచ్చ. తల వంచితే మాత్రం కొద్దిగ మారినయి. "ఇప్పుడు నువ్వు కూసో" అన్నరు.

నాకు అప్పటికి ముప్పై ఏండ్లు. కండ్ల గురించి ఏ ఫికరూ లేని మనిషిని. రిపోర్టు వచ్చింది. నా కుడి కన్ను ఎరుపు.

మిషన్ మీదనే అనుమానం ఉన్నదని తెలిసి కూడ ఆ కాగితాన్ని మళ్ల మళ్ల చూసుకున్న. ఆ ఎర్రటి మచ్చ నాదని తెలిసినంక దాని మీది నుంచి చూపు తిప్పుకోవడం కష్టమయింది. ఇంటికాడ చిన్న బిడ్డ ఉన్నది, దాని మొఖం యాదికొచ్చింది. నెల దినాల నుంచి కాక ఏం మోసుకుంట తిరుగుతున్నడో అప్పుడు నాకు సమజయింది.

సారు నా కంట్లో కంటిపాప పెద్దగయ్యే మందు వేసి, అది పనిచేసినంక లోపలిదాకా చూసి, "బంగారం లాగ ఉన్నది నీ నరం" అన్నరు. తర్వాత స్క్రీను మీద ఇంకో బొమ్మ తీసిన్రు. అది మేము మామూలుగ పట్టించుకోని భాగం, కంటి వెనక సరిగ్గ నడుమ ఉండే మాక్యులా. సారు కంటి బొమ్మలో ఆ జాగా ఒక్క తీరుగ నల్లగ ఉన్నది. నా కంటి బొమ్మలో అక్కడ తెల్లగ ఒక ఆకారం ఉన్నది. రెండు దిక్కులా వెడల్పు, నడుమ సన్నం, బుడబుడకలాయన చేతిలోని డమరుకం లాగ. బీరయ్య కాక బొమ్మలో కూడ అదే డమరుకం, ఇంకా కొట్టొచ్చినట్టు.

"ఈ ఆకారం ఇక్కడ ఉండొద్దు" అన్నరు సారు. మిషన్ అమ్మిన కంపెనీ ఇంజినీరుకు ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టిన్రు.

ఇంజినీరు చెప్పింది ఇది. కంటి ముందు అద్దంలాంటి పొర ఉంటది, కార్నియా. దానిలో కూడ సన్నటి పోగులు ఉంటయి. కాబట్టి పోలరైజ్డ్ వెలుగు నరం దాకా పోకముందే, తిరిగి వచ్చేటప్పుడూ, కార్నియా కూడ దాని ఊపును మారుస్తది. ఆ మార్పును తీసేయడానికి మిషన్‌లో కాంపెన్సేటర్ అనే చిన్న పలక పెడతరు. కార్నియా ఎంత మార్చిందో అంతే వెనక్కి మార్చడం దాని పని.

"కానీ సార్, మీ దగ్గరున్నది పాత మోడల్. అందులో కాంపెన్సేటర్ కదలది. ఎక్కువమంది కార్నియాకు సరిపోయే లెక్క ఒకటి చూసి అక్కడ బిగించిన్రు. అందరి కార్నియా ఒక్క తీరు ఉండదు గద. కొందరికి ఆ పోగులు వేరే కోణంలో ఉంటయి. వాళ్లకు మిగిలిపోయిన తేడాను మిషన్ నరం లెక్కలో కలిపేస్తది. తల వంచితే కార్నియా కోణం తిరుగుతది కాబట్టి రిపోర్టు మారుతది. కొత్త మోడల్ ముందుగాల ఒక్కొక్కరి కార్నియా కొలుచుకొని పలకను తిప్పుకుంటది."

"దీన్ని బాగుచేయడం ఎట్ల?" అని సారు అడిగిన్రు.

"చెడిపోతే గద సార్ బాగుచేసుడు. అది మంచిగనే పనిచేస్తున్నది."

సారు ఫోన్ పెట్టేసిన్రు. నాకు అంగీల దుకాణం యాదికొచ్చింది. ఊరందరికీ ఒకే కొలతకు కుట్టి పెడితే చాలామందికి సరిపోతది. సరిపోనోనికి మాత్రం అంగీ బిగుతయితది. అప్పుడు తప్పు ఒంటిదని అనుకున్నం మేము.

కాకను, లింగమ్మను లోపలికి పిలిచినం. సారు మిషన్ ముచ్చట తేటగ చెప్పిన్రు. కాక అంతా విని అడిగిండు:

"మిషన్ గూడ అబద్ధం ఆడుతదా సారు?"

"అబద్ధం కాదు బీరయ్యా. నీ కంటి ముందటి పొర తీరును పట్టుకొని వెనక నరం తీరు అనుకున్నది."

"అయితే నాకు ఏం లేదా?"

సారు ఆ ప్రశ్నకు వెంటనే అవునని అంటరేమో అనుకున్న. అనలే. "లేదని ఇప్పుడే చెప్ప. మీ నాయినకు కండ్లు పోయినయి కాబట్టి జాగ్రత్త కావాలె. ముందు పక్క చూపు పరీక్ష సక్కగ చేద్దాం."

ఫీల్డ్ టెస్టు ఎట్ల చేయాలో కాకకు మొదటిసారి నేను పుస్తకంలో ఉన్నట్టు చెప్పిన. ఈసారి వేరే తీరుగ చెప్పిన. "గుట్ట మీద కూసొని ఒక గొర్రె మీద కన్ను పెట్టినవనుకో. పక్కన ఇంకోటి మందల నుంచి జరిగితే తల తిప్పకుంటనే పసిగడుతవు గద? గట్లనే. నడుమ చుక్క నీ గొర్రె. పక్కన మెరిసేది మందల నుంచి జరిగిన గొర్రె. చప్పుడు ఇనకు."

"గట్ల చెప్తె గద తెల్సేది" అన్నడు.

మెడ నొప్పికి నడుమనడుమ ఆపుకుంట, రెండు కండ్లకూ చేసినం. రిపోర్టు బయటికి వస్తుంటే నేను వంగి చూసిన. ఎక్కడా నల్ల మచ్చ లేదు. నాకంటే మంచి పక్క చూపు ఉన్నది ఆ మనిషికి.

అయినా సారు హైదరాబాదులో కొత్త మోడల్ మిషన్ ఉన్న దగ్గరికి చీటీ రాసిచ్చిన్రు, అక్కడ కూడ చూపించుకొని రమ్మని. అప్పటిదాక చుక్కలు ఆపొద్దన్నరు.

"మరి రేపు బేరగాడు వస్తడు గద" అన్న నేను ఉండబట్టలేక.

కాక ఏదో అనబోతుంటే లింగమ్మనే అందుకున్నది. "రానీ. చాయ తాగి పోతడు."

హైదరాబాదులో రెండు కండ్లూ మంచిగ వచ్చినయి. నరం నడుమ గుంట పెద్దగ ఉండుడు ఆయనకు పుట్టుకతోనే ఉన్న తీరు కావచ్చన్నరు. సారు చుక్కలు ఆపించి, ఏడాదికోసారి వచ్చి చూపించుకోమన్నరు. ఆ కబురు చెప్పడానికి కాక ఫోన్ చేసినప్పుడు వెనక నుంచి గొర్ల అరుపులు ఇనబడుతున్నయి. ఆయన మాటల కంటే అవే ఎక్కువ ఇనబడ్డయి.

ఈ ముచ్చట ఇక్కడితోనే అయిపోతే మంచి ముచ్చటగనే ఉండేది. కానీ కాక మెడ నొప్పితోని వచ్చిన రోజు సాయంత్రమే సారు నన్ను పిలిచి ఒక మాట అన్నరు. ఆ మాట తర్వాత నా పని చేసే పద్ధతినే మార్చింది.

"ఎరుపు వచ్చినోళ్ల గురించి నాకు ఫికర్ లేదు సునీతా. భయంతోనన్న వాళ్లు తిరిగి వస్తరు. ఆకుపచ్చ అని మనం ఇంటికి పంపినోళ్లు రారు."

కార్నియా కోణం ఒక దిక్కు తేడా ఉంటే మంచి నరం పల్చగ కనబడుతది. ఇంకో దిక్కు తేడా ఉంటే పల్చటి నరం మందంగ కనబడుతది. మిషన్ కాక లాంటోళ్లను ఉత్త పుణ్యానికి భయపెట్టినట్టే, ఇంకొందరికి ఉత్త ధైర్యం చెప్పి ఉండొచ్చు. స్కాన్ తీసిన అందరి మాక్యులా బొమ్మలూ మళ్ల తీసి చూసినం. డమరుకం కనబడ్డ ప్రతి ఒక్కరికీ నేను ఫోన్ చేసి, మళ్ల రమ్మన్న. పరీక్ష ఉచితమనీ, పొరపాటు మా మిషన్‌దనీ చెప్పమన్నరు సారు. కొందరు తిట్టిన్రు, కొందరు మెచ్చుకున్నరు. చాలామంది వచ్చిన్రు. వచ్చినోళ్లలో చాలామందికి ఏమీ లేదు.

రానోళ్లలో నకిరేకల్‌ల బ్లౌజులు కుట్టే విజయక్క ఉన్నది. నలభై దాటినయి. వాళ్ల అక్కకు నీటికాసులు ఉన్నయని తెలిసి, భయపడి మా దగ్గరికి వచ్చింది. ప్రెషర్ మామూలుగనే ఉండె, నరం చూడడానికి పెద్ద తేడా కనబడలే, స్కాన్ ఆకుపచ్చ. ఇంక ఫీల్డ్ టెస్టు ఎందుకని దగ్గర చూపు అద్దాలిచ్చి పంపినం. ఎన్నిసార్లు ఫోన్ చేసినా, పెండ్లిళ్ల గిరాకీ ఉన్నది, తర్వాత వస్త అనేది. ఒక ఆదివారం నేనే బస్సెక్కి పోయిన.

దుకాణం అంటే ఇంటి ముందటి గది. కుట్టు మిషన్ ముందు కూసొని ఉన్నది. నన్ను చూసి కుర్చీ జరిపింది కానీ మొఖంలో నవ్వు లేదు.

"అప్పుడు మంచిగున్నదన్నరు. ఇప్పుడు మళ్ల చూడాలంటున్రు. ఏ మాట నమ్మాలె నేను?"

"నిజమే అక్కా. అడగాల్సిన మాటనే."

ఆమె సూదిని వెలుగుకు ఎత్తి పట్టి ఒక్క దెబ్బకు దారం ఎక్కించింది. "చూసినవా? కన్ను పోయినోళ్లు గిట్ల ఎక్కిస్తరా?"

నీటికాసుల జబ్బుతోని ఉన్న చిక్కే అది. నడుమ చూపు చివరిదాక ఉంటది. సూదిలో దారం ఎక్కుతది, అక్షరాలు కనబడుతయి. పక్కలు పోతుంటయి. ఒక కన్నులో పోయిన జాగాను రెండో కన్ను నింపుతది కాబట్టి మనిషికి అసలు తెల్వదు. ఇదంతా చెప్పి చూసిన. ఆమె వింటనే కాజాలు కుడుతున్నది.

ఇంక చెప్పుడు బంద్ చేసి ఆమె ఎదురుగ కూసున్న. "నా మాట నమ్మకు అక్కా. నువ్వే చూడు. కుడి కన్ను చేతితోని మూసుకో. ఎడమ కన్నుతోని నా ముక్కునే చూడు. నా వేలు కనబడంగనే చెప్పు."

ముందు పైనుంచి వేలు తెచ్చిన. "ఆఁ" అన్నది. ఎడమ పక్క నుంచి తెచ్చిన. "ఆఁ." తర్వాత ఆమె ముక్కు దిక్కు నుంచి, కింది భాగంలో, వేలు ఆడించుకుంట మెల్లగ నడుమకు తెచ్చిన. ఆమె ఏం అనలే. ఇంకా దగ్గరికి తెచ్చిన. ఏం అనలే. దాదాపు నా గడ్డం దాక వచ్చినంక "ఆఁ" అన్నది.

"ఎప్పటి నుంచి ఆడిస్తున్నవ్?" అని అడిగింది చేయి తీసి.

"చాలాసేపటి నుంచి."

ఆమె మళ్ల కుడి కన్ను మూసుకొని, ఈసారి తన వేలినే అదే దిక్కు నుంచి తెచ్చుకున్నది. మళ్ల తెచ్చుకున్నది. ఎడమ కన్ను మూసి కుడి కన్నుతోని చూసుకున్నది. లోపల నుంచి ఎవరో పిలిస్తే ఆమె పలకలే.

"ఎప్పుడు రావాలె?" అన్నది చివరికి.

"ఇయ్యాలనే పోదాం రా. సారు ఉన్నరు."

ఆమె కత్తెర, టేపు తీసి పక్కన పెట్టి, లోపలికి పోయి చీర మార్చుకొని వచ్చింది. బస్సులో మేము పక్కపక్కన కూసున్నం. చిన్న చిన్న మాటలు అడుగుతున్నది. చుక్కలు మండుతయా, కుట్టుపని మానుకోవాల్నా, అక్క కంటే ముందుగాల దొరికినట్టేనా అని. చివరి ప్రశ్నకు మాత్రం నేను ధైర్యంగ అవునని చెప్పగలిగిన.

ఫీల్డ్ టెస్టులో ఎడమ కన్ను కింది భాగంలో ముక్కు దిక్కు నల్లటి జాగా వచ్చింది. కుడి కన్ను ఇంకా మంచిగనే ఉన్నది. ఆ రోజే సారు చుక్కలు మొదలుపెట్టిన్రు. పోయిన జాగా తిరిగి రాదని దాచకుండ చెప్పిన్రు. ఉన్నది నిలబెట్టుకుందాం అన్నరు. ఆమె ఏడ్వలే. "ఉన్నదే నాకు చాలు, దాన్ని నిలబెట్టున్రి" అన్నది.

ఆ పాత మిషన్‌ను సారు ఎవరికీ అమ్మలే. అమ్ముతే ఇంకో దవాఖానలో ఇదే జరుగుతదన్నరు. ఇప్పుడు మా దగ్గర వేరే పద్ధతిలో పొర మందం కొలిచే కొత్త మిషన్ ఉన్నది. చాలా మంచిది. దానికీ దాని తప్పులు ఉన్నయి. పనికి కొత్తగ వచ్చిన పిల్లలకు నేను మిషన్ నడిపించుడు కంటే ముందు ఆ తప్పులు నేర్పుతున్న. వెలుగు కంట్లోకి పోయి తిరిగి వచ్చేదాక దారిలో తగిలిన ప్రతిదీ దాని మీద తన చెయ్యి వేస్తదనీ, మిషన్ అద్దాలు కూడ వేస్తయనీ, మనం చూసే అంకెలో నరం ఎంతో, దారి ఎంతో విడదీయాలనీ చెప్త. ఎరుపు వచ్చినా ఆకుపచ్చ వచ్చినా ఇంకో పరీక్షతో పోల్చకుండ మనిషి చేతికి కాగితం ఇయ్యొద్దని నేనంట. ఒక పరీక్ష ఇంకో పరీక్షతోని తగాదా పడితే, అది మన అదృష్టం అనుకోమని చెప్త. తగాదా పడినకాడనే నిజం దొరుకుతది.

మొన్న విజయక్క ఏడాది పరీక్షకు వచ్చింది. ఇన్నేండ్ల ఫీల్డ్ రిపోర్టులన్నీ వరుసగ పరిచి చూసిన. ఎడమ కన్నులో ఆ నల్లటి జాగా మొదటి రోజు ఎంత ఉండెనో అంతే ఉన్నది, ఒక్క చుక్క జరగలే. కుడి కన్ను తేటగ ఉన్నది.

"ఏమన్న మారిందా?" అని అడిగింది.

"ఏం మారలే అక్కా."

"మరి గంత నవ్వుతున్నవేంది?"

మా పనిలో దానికంటే మంచి కబురు ఇంకోటి లేదని చెప్పిన.